ఎలీసా కిట్‌తో రక్తంలో ఫెర్రిటిన్ కొలవడం ఎలా?

హీమోగ్లోబిన్ 12 ఉంది. అయినా మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, పొద్దున లేస్తూనే నీరసం. ఇలాంటి మనిషి రక్తం ల్యాబ్‌కు వచ్చినప్పుడు డాక్టరు చీటీ మీద తరచుగా కనిపించే మాట ఫెర్రిటిన్. ఇంట్లో బియ్యం ఎన్నాళ్లు వస్తాయో కంచంలోని అన్నం చూసి చెప్పలేం, డబ్బా మూత తీయాలి. హీమోగ్లోబిన్ కంచంలో అన్నమైతే ఫెర్రిటిన్ డబ్బాలో బియ్యం. డబ్బా అడుగంటుతున్న సంగతి కంచానికి చివర్లో గాని తెలియదు.

ఫెర్రిటిన్ అనేది 24 ముక్కలు కలిసి కట్టుకున్న బోలు గోళం లాంటి ప్రొటీన్. ఒక్కో గోళంలో 4,500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లోనే ఉంటుంది, రక్తంలోకి వచ్చేది చాలా తక్కువ. ఆ కొద్దిపాటిదే నిల్వకు అద్దం పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి రక్తంలో మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము ఫెర్రిటిన్ ఉంటే, ఒంట్లో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఇనుము నిల్వ ఉన్నట్టు లెక్క. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంత చిన్న పరిమాణాన్ని పట్టుకోవడానికి తక్కెడలు పనికిరావు, ఒక్కో పదార్థాన్నే గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశమంతటా 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ దాదాపు అంతే. అందుకే ఈ పరీక్ష సరిగా చేయడం మన దగ్గర చాలా ముఖ్యమైన పని అని నేను నమ్ముతాను.

ల్యాబ్‌లో కొత్తగా చేరినవారిని, ప్రాజెక్టు పని మొదలుపెట్టిన ఎమ్మెస్సీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పిప్పెట్ పట్టడం మీకు తెలుసు అనుకుంటున్నాను.

కిట్టులో ఏం జరుగుతుంది

1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ ఎలీసా పద్ధతిని ప్రకటించారు. అంతకు ముందు ఇలాంటి కొలతలకు రేడియోధార్మిక అయోడిన్ వాడేవారు. ఆ పాత పద్ధతిని సాల్మన్ బెర్సన్‌తో కలిసి రూపొందించిన రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. ఎలీసాలో రేడియోధార్మిక పదార్థం ఉండదు, దాని బదులు రంగు తెప్పించే ఎంజైము ఉంటుంది.

మీ ముందున్న ప్లేటులో 96 చిన్న గుంటలుంటాయి, ల్యాబ్ భాషలో వెల్స్. ఏ నుంచి హెచ్ వరకు 8 అడ్డ వరుసలు, 12 నిలువు వరుసలు. నేను ఎక్కువగా వాడిన తరహా కిట్టులో గుంట అడుగున స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూత ఉంటుంది. బయోటిన్ అనే విటమిన్ తగిలించిన యాంటీబాడీ ఫెర్రిటిన్‌ను ఒక పక్క నుంచి పట్టుకుని, తన బయోటిన్ తోకతో స్ట్రెప్టావిడిన్‌కు అతుక్కుంటుంది. కడిగాక, ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ వచ్చి అదే ఫెర్రిటిన్‌ను ఇంకో పక్క నుంచి పట్టుకుంటుంది. రెండు అరచేతుల మధ్య నిమ్మకాయ పట్టుకున్నట్టు. నిమ్మకాయ లేకపోతే రెండో చెయ్యి నిలవదు, కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. కాబట్టి చివర్లో ఎంత రంగు వస్తే అంత ఫెర్రిటిన్. ఈ బొమ్మను మనసులో ఉంచుకోండి. తరవాత వచ్చే తప్పులన్నీ ఇందులోంచే అర్థమవుతాయి.

పెట్టె తెరిచే ముందు

లోపలి కాగితం మొత్తం చదవండి. పాత పెట్టెలోని కాగితం కాదు, ఈ పెట్టెలోదే. అదే కంపెనీ, అదే కిట్టు అయినా లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారితే స్టాండర్డ్ (ఎంత ఫెర్రిటిన్ ఉందో ముందే తెలిసిన ద్రావణం) సీసాల మీద విలువలు మారవచ్చు. నిరుటి విలువలు కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతే ప్లేటంతా తప్పుతుంది, చూడటానికి మాత్రం అందంగా ఉంటుంది. పెట్టె మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంటే దానితో రోగికి రిపోర్టు ఇవ్వకూడదు. రోగి రిపోర్టుకు 2017 వైద్య పరికరాల నిబంధనల కింద అనుమతి ఉన్న కిట్టే వాడాలి.

కిట్టులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో మంచు పేరుకునే గోడకు ఆనించి పెట్టకండి. ఎంజైము ద్రావణం ఒకసారి గడ్డకడితే మళ్లీ పాత బలం రాదు. మే నెలలో వచ్చే పార్సిళ్ల విషయంలో మరీ జాగ్రత్త. పెట్టె చేతికి రాగానే ఐసు ప్యాకెట్లు ముట్టుకుని చూడండి. అవి గోరువెచ్చగా ఉంటే తీసుకోకండి.

పని మొదలుపెట్టే అరగంట ముందు కిట్టును బయట పెట్టి గది వేడికి రానివ్వండి. గది వేడి అంటే కాగితం ఉద్దేశంలో 20 నుంచి 25 డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో వేసవి మధ్యాహ్నం ఉండే వేడి కాదు. వేడి పెరిగితే ఎంజైము వేగం పెరుగుతుంది, రంగు ముదురుతుంది. అలాగని ఏసీ గాలి నేరుగా ప్లేటు మీద పడినా కష్టమే. అంచు గుంటలు ఒకలా, మధ్య గుంటలు ఒకలా వస్తాయి. ప్లేటును మూత అంటించి, గాలి తగలని బల్ల మీద ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

రక్తం నుంచి సీరం దాకా

రక్తం తీశాక గొట్టాన్ని నిలువుగా పెట్టి కనీసం 30 నిమిషాలు గడ్డకట్టనివ్వండి. తొందరపడి తిప్పితే సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో) సన్నని ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్) పోగులు మిగులుతాయి. అవి టిప్పు కొనకు అడ్డం పడితే 25 మైక్రోలీటర్లు అనుకున్నది 15 కూడా పడదు, పడలేదని మీకు తెలియదు కూడా. సెంట్రిఫ్యూజ్‌లో 1,500 జి దగ్గర పది నిమిషాలు చాలు. జి, ఆర్‌పీఎం ఒకటి కావు. జి అంటే గురుత్వానికి ఎన్ని రెట్లు, ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లు. రోటర్ వ్యాసార్ధం 15 సెంటీమీటర్లయితే 3,000 ఆర్‌పీఎంకు సుమారు 1,500 జి వస్తుంది. రోటర్ చిన్నదైతే ఇంకా వేగంగా తిప్పాలి.

సీరం ఎండుగడ్డి రంగులో ఉండాలి. ఎర్రగా ఉంటే కణాలు పగిలాయని అర్థం. ఎర్రకణాల్లోనూ ఫెర్రిటిన్ ఉంటుంది కాబట్టి ఫలితం పైకి జరగవచ్చు. మళ్లీ రక్తం అడగండి. ఆ రోజే చేయకపోతే చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచండి. ఒక్కో గొట్టాన్ని ఒక్కసారే కరిగించండి. కరిగిన సీరంలో ప్రొటీన్లు అడుగుకు చేరతాయి, పైన దాదాపు నీళ్లే ఉంటాయి. నాలుగైదుసార్లు నెమ్మదిగా తలకిందులు చేసి కలపకుండా పైనుంచి తీస్తే, ఉన్న ఫెర్రిటిన్ కూడా లేనట్టే కనిపిస్తుంది.

ప్రతి సీరంలోనూ హెపటైటిస్, హెచ్‌ఐవీ ఉండవచ్చన్న జాగ్రత్తతోనే పని చేయండి. గ్లవ్స్ లేకుండా గొట్టం మూత తీయవద్దు.

ప్లేటు పటం గీసుకోవడం

పిప్పెట్ పట్టుకునే ముందు కాగితం మీద ప్లేటు పటం గీయండి. స్టాండర్డ్లు ఎక్కడ, కంట్రోళ్లు (పని సరిగా జరిగిందో చూసేందుకు వేసే, విలువ తెలిసిన నమూనాలు) ఎక్కడ, ఏ నమూనా ఏ గుంటలో అన్నది ముందే రాసుకోవాలి. గుర్తుంటుందిలే అనుకోవద్దు. నలభయ్యో గుంట దగ్గర ఫోను మోగితే ఏదీ గుర్తుండదు. ఉదాహరణకు మీ కిట్టు స్టాండర్డ్లు మిల్లీలీటరుకు 0, 10, 50, 150, 400, 800 నానోగ్రాములు అనుకుందాం. ఒక్కోటి రెండేసి గుంటల్లో, తక్కువ కంట్రోలు రెండు, ఎక్కువ కంట్రోలు రెండు. మొత్తం 16 గుంటలు, అంటే ఎనిమిదేసి గుంటల స్ట్రిప్పులు రెండు. నమూనాలను కూడా రెండేసి గుంటల్లో వేయండి. డబ్బు మిగల్చడానికి ఒక్కో గుంటే వేసే ల్యాబులున్నాయి. ఒక్క గుంట తప్పు చెప్తే తప్పని చెప్పే రెండో సాక్షి ఉండదు.

స్టాండర్డ్ పొడి రూపంలో వస్తే సీసాను బల్ల మీద తట్టి, మూత మెల్లగా తీసి, చెప్పినంత నీళ్లే పోసి పావుగంట వదిలేయండి. గిలక్కొట్టకండి, నురగ వస్తే ప్రొటీను చెడుతుంది.

పోయడం, ఆగడం, కడగడం

మొదట గుంటకు 25 మైక్రోలీటర్ల స్టాండర్డ్, కంట్రోలు లేదా సీరం. ప్రతి నమూనాకూ కొత్త టిప్పు. టిప్పును ఒకసారి నింపి వదిలి, రెండోసారి నింపినది గుంటలో వేయండి. టిప్పు కొన గుంట గోడకు ఆనాలి, అడుగు గీరుకోకూడదు. తరవాత బయోటిన్ యాంటీబాడీ 100 మైక్రోలీటర్లు వేసి, ప్లేటును బల్ల మీద 20, 30 సెకన్లు మెల్లగా తిప్పి, మూత అంటించి 30 నిమిషాలు.

ఇక్కడ కాలం సంగతి ఆలోచించండి. ఒంటి పిప్పెట్‌తో 96 గుంటలు నింపడానికి పది నిమిషాలు పడితే మొదటి గుంటకు 40 నిమిషాలు, చివరి గుంటకు 30 నిమిషాలు దక్కుతాయి. అందుకే ఒక విడతలో మీరు పది నిమిషాల్లోపు పూర్తి చేయగలిగినన్ని గుంటలే తీసుకోండి. ప్రతి ద్రావణాన్నీ అదే వరసలో, అదే వేగంతో వేయండి. ఎనిమిది కొనల పిప్పెట్ ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఇక కడగడం. ఎలీసాలో పాడైన ప్లేట్లలో ఎక్కువ భాగం నేను ఇక్కడే పాడవడం చూశాను. బఫర్ చిక్కగా వస్తుంది, సాధారణంగా 20 రెట్లు. 50 మిల్లీలీటర్లకు 950 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలపాలి. సీసా అడుగున పలుకులు కనిపిస్తే గది వేడికి వచ్చాక, అవసరమైతే గోరువెచ్చగా చేసి, పూర్తిగా కరిగేవరకు మెల్లగా తిప్పండి. కరగకుండా పోస్తే సీసాలోని ఉప్పు సగం సీసాలోనే ఉంటుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు అసలు వద్దు. గుంటకు 300 మైక్రోలీటర్ల చొప్పున 96 గుంటలకు ఒక్క కడుగుకు 28.8 మిల్లీలీటర్లు అవుతుంది. ఐదు కడుగులకు 144, రెండు విడతలకు 288. ముందే ఇంత కలిపి ఉంచుకోండి. మధ్యలో బఫర్ అయిపోయి పరుగెత్తితే గుంటలు ఎండిపోతాయి, ఎండిన గుంట మళ్లీ పనికిరాదు.

ప్లేటును సింకు మీద ఒక్క విసురుతో బోర్లించండి. బఫర్ గుంట అంచు దాకా నింపండి, పక్క గుంటలోకి పొంగనివ్వకండి. పది సెకన్లు ఆగి మళ్లీ విసరండి. చివరి కడుగు అయ్యాక మందపాటి టిష్యూ కాగితాల దొంతర మీద ప్లేటును బోర్లించి గట్టిగా తట్టండి. ఒకసారి కాదు, కాగితం మీద తడి గుండ్రాలు పడటం ఆగేవరకు. ప్రతిసారీ పొడి కాగితం మీదకు జరపండి. మెత్తగా తట్టేవారి ప్లేటులో సున్నా స్టాండర్డ్ కూడా నీలమవుతుంది. అడుగున మిగిలిన ఒక్క చుక్కలో ఉన్న ఎంజైము చాలు, లేని ఫెర్రిటిన్‌ను ఉన్నట్టు చూపించడానికి. మెషీన్‌తో కడిగినా చివర్లో చేత్తో తట్టండి. సూదులు ఒకటి రెండు మూసుకుపోయాయేమో రోజూ చూడండి.

కడిగాక ఎంజైము యాంటీబాడీ 100 మైక్రోలీటర్లు, 30 నిమిషాలు. మళ్లీ ఐదు కడుగులు. ఎంజైము సాధారణంగా హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్. బఫర్లు చెడకుండా వేసే సోడియం అజైడ్ దీన్ని చంపేస్తుంది, కాబట్టి అజైడ్ ఉన్న ఏ బఫరూ ఈ ప్లేటు దగ్గరికి రాకూడదు.

నీలం, ఆపైన పసుపు

టీఎంబీ ద్రావణం (ఎంజైము తగిలితే నీలమయ్యేది) రంగు లేకుండా ఉండాలి. సీసాలోనే నీలంగా కనిపిస్తే పారబోయండి. కావలసినంతే కొత్త తొట్టెలోకి ఒంపుకోండి, మిగిలింది తిరిగి సీసాలో పోయకండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చేరిన తొలి ఏడాది, ఎంజైము ద్రావణం పోసిన తొట్టెనే నీళ్లతో కడిగి అందులో టీఎంబీ పోశాను. చూస్తుండగానే తొట్టె మూలలో ఆకాశం రంగు చుక్క ఒకటి పుట్టి నెమ్మదిగా పాకింది. ఎనభై గుంటలు, నలభై మంది నమూనాలు. ఇద్దరికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది, వాళ్ల సీరం అంత కొద్దిగా ఉంది. అప్పటి నుంచి తొట్టెల మీద మార్కర్‌తో పేర్లు రాస్తాను.

గుంటకు 100 మైక్రోలీటర్లు వేసి చీకట్లో 15 నిమిషాలు. ఈ దశలో ప్లేటును కదపకండి. మూత తీశాక 800 స్టాండర్డ్ ముదురు నీలంగా, 0 దాదాపు నీళ్లలా, మధ్యవి మెట్లు మెట్లుగా కనిపించాలి. కంటికే ఆ మెట్లు కనిపించకపోతే మెషీన్ కొత్తగా చెప్పేదేమీ ఉండదు. తరవాత ఆపే ద్రావణం 50 మైక్రోలీటర్లు అదే వరసలో వేయండి. నీలం పసుపుగా మారుతుంది. ఒక గుంటలో ఆకుపచ్చ మిగిలితే కలవలేదని అర్థం, అంచు మీద మెల్లగా తట్టండి.

ఆపే ద్రావణం ఆమ్లం. చేతి మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆమ్లం ఉన్న ప్లేటును నేరుగా హైపోక్లోరైట్ బకెట్‌లో ముంచకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. రెంటినీ వేరువేరుగా సేకరించండి.

ప్లేటు అడుగు టిష్యూతో తుడిచి, బుడగలుంటే శుభ్రమైన సూదితో పొడిచి, 15 నిమిషాల్లోపు 450 నానోమీటర్ల దగ్గర చదవండి. వీలైతే 620 లేదా 630ని రెఫరెన్సుగా పెట్టండి. గీతలు, వేలిముద్రల ప్రభావం దానితో పోతుంది.

కర్వు గీసి సంఖ్య తీయడం

ముందు జంట గుంటలు పోల్చండి. ఒక నమూనాకు రీడర్‌లో రంగు గాఢత 0.412, 0.436 వచ్చాయనుకోండి. సగటు 0.424, తేడా నాలుగు శాతం సీవీ (ప్రామాణిక విచలనం, అంటే ఎస్‌డీ, సగటులో ఎంత శాతమో చెప్పేది). బాగుంది. ఇంకో నమూనాకు 0.41, 0.63 వస్తే సీవీ ముప్పై శాతం. ఈ రెంటి సగటు తీసి రిపోర్టు రాయడం అబద్ధం రాయడమే. 10 శాతం దాటిన ప్రతి జంటనూ మళ్లీ చేయండి.

స్టాండర్డ్ల మీదుగా సరళరేఖ గీయకండి. ఈ సంబంధం ఎస్ అక్షరం ఆకారంలో ఉంటుంది. నాలుగు పారామితుల లాజిస్టిక్ కర్వు వాడండి, చాలా రీడర్లలో ఉంటుంది. సరళరేఖ గీస్తే నష్టం కింది కొసలోనే ఎక్కువ. మనకు కావలసిన 10, 15, 20 విలువలన్నీ ఆ కొసలోనే ఉన్నాయి. కర్వు గీశాక స్టాండర్డ్లను అదే కర్వు మీద తిరిగి చదివి చూడండి. 10 అని ఉన్నది 17 అని వస్తే కర్వు కుదరలేదు.

ఆ తరవాత కంట్రోళ్లు. వాటి విలువలను లీవీ-జెన్నింగ్స్ చార్టు మీద రోజూ చుక్క పెట్టండి. ఒక చుక్క సగటు నుంచి మూడు ఎస్‌డీలు దాటినా, వరసగా రెండు ఒకే వైపు రెండు ఎస్‌డీలు దాటినా ఆ ప్లేటు నుంచి ఒక్క రిపోర్టు కూడా బయటికి వెళ్లకూడదు. సాయంత్రం ఆరైంది, బయట బెంచీ మీద మనుషులు ఎదురు చూస్తున్నారు, పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. అయినా సరే. రేపు ఇస్తామని చెప్పండి.

సంఖ్య నమ్మబుద్ధి కానప్పుడు

800 దాటిన నమూనాను "800 కంటే ఎక్కువ" అనో, కంప్యూటర్ ఊహించిన సంఖ్యతోనో వదిలేయకండి. కిట్టు చెప్పిన ద్రావణంతో పది రెట్లు పలచన చేసి మళ్లీ చేసి పదితో గుణించండి. కొన్ని జబ్బుల్లో ఫెర్రిటిన్ వేలు, పదివేలు కూడా దాటుతుంది. కోవిడ్ రోజుల్లో పెద్ద పెద్ద సంఖ్యలు చాలామంది చూశారు. అంత ఎక్కువ ఉన్నప్పుడు, ముఖ్యంగా మధ్యలో కడగని ఒకే దశ కిట్టుల్లో, విచిత్రంగా తక్కువ విలువ రావచ్చు. నిమ్మకాయలు మరీ ఎక్కువైతే ఒక్కో చేతికి ఒక్కో కాయ దొరికి, రెండు చేతులూ ఒకే కాయను పట్టుకోవడం ఉండదు. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. పలచన చేసి గుణించినప్పుడు విలువ పడిపోకుండా బాగా పెరిగితే అదే జరిగిందని అర్థం.

రెండోది బయోటిన్. జుట్టు రాలుతోందని మాత్రలు వేసుకునేవారు చాలామంది ఉన్నారు. వాటిలో ఐదు, పది మిల్లీగ్రాముల బయోటిన్ ఉండటం మామూలే. రక్తంలో తిరిగే ఆ బయోటిన్ వెళ్లి స్ట్రెప్టావిడిన్ చోట్లన్నీ ఆక్రమిస్తే, ఫెర్రిటిన్‌ను పట్టుకున్న మన యాంటీబాడీకి నిలబడే చోటుండదు, కడుగులో పోతుంది. ఫలితం దొంగ తక్కువ. మొదట్లో చెప్పిన, దువ్వెన నిండా జుట్టు పోతున్న మనిషికి సరిగ్గా ఇదే జరగవచ్చు. రక్తం తీసే ముందు అడగండి: "జుట్టుకు, గోళ్లకు ఏమైనా మాత్రలు వాడుతున్నారా అమ్మా?" వాడుతుంటే డాక్టరుకు చెప్పి, కాగితంలో రాసినంత కాలం ఆపాకే రమ్మనండి.

మూడోది, ఒంట్లో ఇన్ఫెక్షన్ గాని వాపు గాని ఉంటే ఇనుము లేకపోయినా ఫెర్రిటిన్ పెరుగుతుంది. అందుకే అదే సీరంలో సీఆర్‌పీ (వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కూడా చూడమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో 15 కంటే తక్కువైతే, ఐదేళ్లలోపు పిల్లల్లో 12 కంటే తక్కువైతే ఇనుము లోటు. ఇన్ఫెక్షన్ లేదా వాపు ఉన్నవారిలో ఈ గీతలు 70కి, 30కి జరుగుతాయి. జ్వరంతో వచ్చిన మనిషికి 40 వచ్చిందని సంబరపడటానికి లేదు. రిపోర్టులో విలువతో పాటు కిట్టు పద్ధతి కూడా రాయండి. ఒక కిట్టు సంఖ్య ఇంకో కిట్టు సంఖ్యతో సరిగ్గా కలవదు. ఇనుము మాత్రలు వాడుతూ మూడు నెలలకొకసారి వచ్చే మనిషికి మధ్యలో కిట్టు మారిస్తే, పెరిగింది నిల్వో కిట్టో ఎవరూ చెప్పలేరు.

పని అయ్యాక మిగిలిన స్ట్రిప్పులను రేకు సంచిలో సిలికా పొట్లంతో పాటు వేసి, గాలి తీసి మూసి, తెరిచిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రోజు నమూనాల్లో మిగిలిన సీరాన్ని కనీసం వారం రోజులు మైనస్ 20 దగ్గర ఉంచండి. ఈ సంఖ్య సరైనదేనా అని డాక్టరు ఫోను చేస్తే, మళ్లీ సూది గుచ్చకుండానే చూసి చెప్పవచ్చు.